మాత్ర పెళ్లినాటికే అందాలి: వైద్య ఆరోగ్య శాఖలకు ఒక తల్లి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, కమిషనర్లకు, జిల్లా వైద్యాధికారులకు,

నమస్కారం అండి.

అడగదలుచుకున్నది ముందే అడిగేస్తాను. మీ దగ్గరికి రోజూ ఎన్ని అర్జీలు వస్తాయో ఊహించగలను, అన్నీ చివరిదాకా చదివే తీరిక ఉండకపోవచ్చు. బిడ్డ మెదడు, వెన్ను సరిగ్గా ఏర్పడటానికి కావాల్సిన ఫోలిక్ యాసిడ్ మాత్ర మన ఆడపిల్లలకు కడుపు వచ్చాక అందుతోంది. అది కడుపు రాకముందే అందాలి, కనీసం ఒక నెల ముందు. ఇప్పుడున్న పద్ధతిలో అది జరిగే వీలే లేదు, ఎందుకంటే మన గర్భిణీ సేవలన్నీ పేరు నమోదు దగ్గరే మొదలవుతాయి. ఆ మొదలును వెనక్కి, పెళ్లి దాకా జరపమని కోరుతున్నాను.

మాది పశ్చిమ గోదావరి జిల్లా. మా అమ్మాయి స్పైనా బైఫిడాతో పుట్టింది, అందులోనూ మెనింగోమైలోసీల్ రకం. నడుము దగ్గర వెన్నెముక మూసుకోక, వెన్నుపాము, నరాలు ఒక తిత్తిలో వీపు బయటికి వచ్చి ఉన్నాయి. పుట్టిన మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం, ఆపరేషన్ అయింది, ఆ తర్వాత తలలో నీరు చేరితే షంట్, అంటే ఆ నీటిని దించే సన్నటి గొట్టం, వేశారు. ఇప్పుడు ఆరో తరగతి. లెక్కల్లో వాళ్ల క్లాసులో దానికి తిరుగు లేదు. కాళ్లకు బ్రేసులు వేసుకుని నడుస్తుంది. మోకాళ్ల కింద స్పర్శ లేదు. పోయిన వేసవిలో పక్కింటి పిల్లలతో డాబా మీద చెప్పుల్లేకుండా ఆడుకుని వచ్చింది. సాయంత్రం కాళ్లు కడుగుతుంటే చూశాను, రెండు అరికాళ్లూ బొబ్బలెక్కి ఉన్నాయి. దానికి కాలిన సంగతే తెలియలేదు, పైగా నా మొహం చూసి "ఏమైందమ్మా" అని అదే నన్ను అడిగింది. ఆ పుండ్లు మానేసరికి స్కూలు తెరిచేశారు.

ఇది సానుభూతి కోసం చెప్పడం లేదు. ఇలాంటి బిడ్డల్లో చాలామందికి ఈ లోపం రాకుండా ఆపగలిగే మాత్ర ఒకటుంది, అది మెడికల్ షాపులో రూపాయికో రెండు రూపాయలకో దొరుకుతుంది, దాని సంగతి వైద్యలోకానికి 1991 నుంచి ఖాయంగా తెలుసు. అలాంటిది మా ఊళ్లో కొత్తగా పెళ్లయిన ఏ అమ్మాయిని అడిగినా "అది కడుపుతో ఉన్నప్పుడు వేసుకునే బిళ్ల కదా అక్కా" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నా కడుపు మండుతుంది, ఆ పిల్ల మీద కాదు.

ఎందుకు ముందే కావాలో చెప్తాను. మీలో డాక్టర్లు ఉన్నారు, మీకు తెలుసు, కానీ ఈ ఉత్తరం చదివే మిగతావాళ్లకు తెలియాలి. గర్భం నిలిచిన మూడో వారంలో పిండం వీపు వైపు పలుచని పొర ఒకటి ఉంటుంది. అది రెండు వైపుల నుంచీ పైకి లేచి, కజ్జికాయ అంచులు కలిపి నొక్కినట్టు కలుసుకుని, గొట్టంలా మూసుకుంటుంది. ఆ గొట్టమే తర్వాత మెదడూ వెన్నుపామూ అవుతుంది. పైన తల వైపు మూసుకోకపోతే అనెన్‌సెఫలీ, అంటే పుర్రె పైభాగమూ మెదడులో చాలా భాగమూ ఏర్పడవు, ఆ బిడ్డ బతకదు. పుర్రెలో సందు మిగిలి మెదడులో కొంత భాగం, దాని పొరలు తిత్తిలా బయటికి వస్తే ఎన్‌సెఫలోసీల్. కింద వీపు వైపు మూసుకోకపోతే మా అమ్మాయికి వచ్చినది. ఈ మూసుకోవడం మొత్తం గర్భం నిలిచిన 28 రోజుల్లో అయిపోతుంది. మన ఆడవాళ్ల లెక్కలో చెప్పాలంటే నెల తప్పిన రెండు వారాలకు. ఆ తర్వాత ఎన్ని మాత్రలు వేసుకున్నా తెరిచి ఉన్న వెన్ను మూసుకోదు.

ఇప్పుడు మన ఇళ్లల్లో ఏం జరుగుతుందో చూడండి. నెల తప్పుతుంది. ఇంకో వారం చూద్దాంలే అనుకుంటారు. తర్వాత ఆయనకు చెప్పి, కిట్ తెప్పించుకుని, రెండు గీతలు వచ్చాక అత్తగారికి చెప్పి, మూడో నెల వచ్చేదాకా బయట ఎవరికీ చెప్పొద్దని పెద్దవాళ్లంటే ఆగి, అప్పుడు ఆశా వర్కర్‌కు చెప్తే ఆమె ఏఎన్ఎం దగ్గరికి తీసుకెళ్లి పేరు రాయిస్తుంది. 12 వారాల లోపు నమోదైతే మీ రికార్డుల్లో అది సకాలంలో అయిన నమోదు. ఆ రోజు ఆమె చేతిలో ఫోలిక్ యాసిడ్ పెడతారు, నాలుగో నెల నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న ఎర్ర బిళ్ల 180 రోజులు ఇస్తారు. రక్తహీనతకు అది అవసరమే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ బిడ్డ వెన్నుకు సంబంధించినంతవరకు, చివరి నెలసరి నుంచి లెక్కేస్తే, ఆరో వారానికే కథ ముగిసింది. ఆశాలనూ ఏఎన్ఎంలనూ నేనేమీ అనను, వాళ్లకు మీరిచ్చిన రిజిస్టర్లో పెళ్లయి ఇంకా కడుపు రాని అమ్మాయికి ఫోలిక్ యాసిడ్ ఇచ్చినట్టు రాసుకునే గడి ఏదీ నేను చూడలేదు.

నా సంగతే చెప్తాను. పెళ్లయ్యాక పిల్లలు ఆలస్యమవుతున్నారని మా పెద్దవాళ్లు కంగారుపడితే పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. థైరాయిడ్ చూశారు, స్కాన్ తీశారు, ఆయనకు టెస్టులు రాశారు, బరువు తగ్గమన్నారు. అంతా మంచిగానే చూశారు. పిల్లలు కావాలనే కదా వెళ్లింది, అలాంటి చోట కూడా ఫోలిక్ యాసిడ్ మాట ఎవరి నోటా రాలేదు. పుట్టాక చూస్తే ఇంకా వింత. అమ్మాయి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీలో కుట్ల సంగతి, యాంటీబయాటిక్ సంగతి, తల చుట్టుకొలత ఎప్పుడెప్పుడు కొలిపించాలో ఆ సంగతి అన్నీ ఉన్నాయి. మళ్లీ కడుపు వస్తే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. ఒక బిడ్డకు ఇలా అయిన తల్లికి మళ్లీ అలాగే అయ్యే అవకాశం నూటికి రెండు నుంచి ఐదు దాకా ఉంటుంది, మామూలు వాళ్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆమెకు మామూలుగా అందరికీ చెప్పే రోజుకు 400 మైక్రోగ్రాములు చాలదు, దానికి పదింతలు, అంటే రోజుకు 4 మిల్లీగ్రాములు, గర్భానికి ముందు నుంచే కావాలి. మన దగ్గర 5 మిల్లీగ్రాముల బిళ్లలు మామూలుగా దొరుకుతాయి కాబట్టి డాక్టర్లు అదే రాస్తారు. నాకు ఈ విషయం చెప్పింది డాక్టర్ కాదు, ఫిజియోథెరపీ బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఇంకో తల్లి. ఆమెకు ఇద్దరు బిడ్డలకూ ఇలాగే అయింది, మొదటి బిడ్డ అప్పుడు ఆమెకూ ఎవరూ చెప్పలేదు.

మా ఇంట్లో మాత్రం చెప్పేవాళ్లకు కొదవ లేకపోయింది. గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకున్నావా, నాగుల చవితికి పుట్టలో పాలు పోశావా, మీది మేనరికమా, మీ పుట్టింటి వైపు ఎవరికైనా ఉందా. మాది మేనరికం కాదు. ఆ గ్రహణం రోజు తలుపులేసుకుని చీకట్లో పడుకున్నాను కూడా. ఈ ప్రశ్నలన్నీ ఆడదానికే వేస్తారు. శాస్త్రం చెప్పేది ఏమిటంటే దీనికి ఒక్క కారణం ఉండదు, వంశపారంపర్యంగా వచ్చే జన్యువులు కొంత, ఒంట్లో ఫోలేట్ (తిండిలో సహజంగా ఉండే ఫోలిక్ యాసిడ్ రూపం) తక్కువగా ఉండటం కొంత, బి12 లోపం, కడుపు వచ్చే నాటికి అదుపులో లేని షుగరు, అధిక బరువు, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ లాంటి మందులు, ఇవన్నీ కలుస్తాయి. వీటిలో మనం సులువుగా, చవగ్గా, అందరికీ చేయగలిగింది ఫోలేట్ సంగతి ఒక్కటే. తల్లి తప్పు కాదని మా ఇళ్లల్లో చెప్పాల్సింది కూడా మీరే. గోడల మీద రాయించండి, మీ మాటకు ఉన్న విలువ మా మాటకు లేదు.

1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 7 దేశాల్లోని 33 కేంద్రాల్లో చేసిన అధ్యయనం వచ్చింది. అంతకుముందు ఇలాంటి గర్భం వచ్చిన స్త్రీలకు రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు, మందు లేని బిళ్ల ఇవ్వడం ఇక న్యాయం కాదని. మరుసటి ఏడాది హంగరీ నుంచి, మొదటిసారి రావడాన్ని కూడా ఆపుతుందని తేలింది. మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా దేశంలో పలు కేంద్రాల్లో ట్రయల్ చేసి 2000లో ప్రచురించింది, మన ఆడవాళ్లలో కూడా మళ్లీ రావడం తగ్గిందని. అమెరికా, కెనడా 1998 నుంచి, చిలీ 2000 నుంచి పిండిలో తప్పనిసరిగా కలుపుతున్నాయి. ఒక్క అమెరికాలోనే ఏటా సుమారు 1,300 మంది బిడ్డలకు ఈ లోపం రాకుండా ఆగుతోందని అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క. మన దేశంలో వేర్వేరు సర్వేలను కలిపి చూసినవాళ్లు వెయ్యి జననాలకు నాలుగు దాకా అంటున్నారు. పిండిలో కలిపే దేశాల్లో ఇది వెయ్యికి ఒకటి కన్నా తక్కువ.

ఈ మందు కథలో మనవాళ్లు ఉన్నారని ఎంతమందికి గుర్తుందో. 1928 నుంచి లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టరమ్మ బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పనిచేస్తూ, ఈస్ట్‌లో ఉన్న ఏదో పదార్థం దాన్ని నయం చేస్తోందని కనిపెట్టారు. ఆ పదార్థమే ఫోలేట్. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి 1945లో లోకానికి ఇచ్చింది అమెరికాలో లెడర్లీ లేబొరేటరీస్‌లో యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపిన బృందం. ఆయన 1895లో మా భీమవరంలో పుట్టారు. యువకుడిగా ఉన్నప్పుడు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారని, ఆ జబ్బుకు మందు కనిపెట్టాలన్న పట్టు అప్పుడే పుట్టిందని చెప్తారు. ఆ మందు ఇదే. మా జిల్లా మనిషి పంచిపెట్టిన మందు అమెరికాలో బ్రెడ్డులో కలిసి అక్కడి బిడ్డలను కాపాడుతోంది, మా జిల్లాలోనే కావాల్సిన రోజుకు కావాల్సిన మనిషికి అందడం లేదు. ఇది నాకు మింగుడుపడటం లేదు.

"మేమిస్తున్నాం కదమ్మా, స్కూళ్లలో ఇస్తున్నాం, రేషన్ బియ్యంలో కలుపుతున్నాం" అని మీరు అనవచ్చు. రెండూ చూద్దాం. స్కూలు పిల్లలకు వారానికి ఒకటి ఇచ్చే నీలం బిళ్లలో ఐరన్ 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలా వారానికోసారి వేసుకునే బిళ్లలో ఉండమన్నది 2,800 మైక్రోగ్రాములు, రోజుకు 400 చొప్పున ఏడు రోజులకు లెక్క. మన బిళ్లలో దానిలో ఐదో వంతు కూడా లేదు. రక్తం పట్టడానికి అది సరిపోవచ్చు, వెన్నును కాపాడటానికి సరిపోదు. రక్తహీనత పోగొట్టడానికి పెట్టిన అనీమియా ముక్త్ భారత్ పథకం కాగితాల్లో 20 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లకు కూడా వారానికో బిళ్ల ఉంది, కానీ చదువు ఆపేసి పెళ్లయి అత్తారింటికి వెళ్లిన అమ్మాయికి మా చుట్టుపక్కల ఎవరూ ఇవ్వడం నేను చూడలేదు. సరిగ్గా ఎవరికి కావాలో వాళ్ల దగ్గరే ఆ గొలుసు తెగిపోతోంది.

ఇక బియ్యం. ప్రధానమంత్రి 2021 ఆగస్టు 15న ప్రకటించిన బలవర్ధక బియ్యంలో నిబంధన ప్రకారం ఫోలిక్ యాసిడ్ కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాములు ఉండాలి. మనిషి రోజంతా 400 గ్రాముల బియ్యం వండుకు తిన్నా 30 నుంచి 50 అందుతాయి. కావాల్సింది 400. గంజి వార్చే ఇంట్లో అయితే అందులోనూ కొంత గంజితో పోతుంది. పైగా మా వైపు ఆ బియ్యాన్ని ప్లాస్టిక్ బియ్యం అని భయపడి ఏరి పారేసేవాళ్లు ఉన్నారు, ఆ గింజలు తేలుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. ఆకుకూరలు తినమంటారు, తప్పకుండా తినాలి, గోంగూర, తోటకూర, పాలకూర, శనగలు, పెసలు అన్నిట్లో ఫోలేట్ ఉంది. కానీ పప్పులో వేసి కుక్కర్లో నాలుగు విజిల్స్ వచ్చేదాకా ఉడికిస్తే కొంత పోతుంది. తిండి మీద మాత్రమే ఆధారపడి ఆ 400 తెచ్చుకోవడం రోజూ కుదిరే పని కాదు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు కూడా ఒక మాట. అక్కడ పిండిలో, బ్రెడ్డులో కలుపుతారు సరే, కానీ బ్రెడ్డు ముట్టకుండా ఇండియన్ స్టోర్ సోనామసూరి బస్తా తెచ్చుకుని రెండు పూటలా అన్నమే తినేవాళ్లకు ఆ రక్షణ పెద్దగా అందదు. అక్కడ ఉన్న మీ కోడళ్లకు, చెల్లెళ్లకు ఫోన్ చేసి చెప్పండి.

నేను కోరే మొదటి పని ఇది. తెలంగాణలో కళ్యాణలక్ష్మి, షాదీ ముబారక్ దరఖాస్తులు ఉన్నాయి. ఆంధ్రాలో పెళ్లి సర్టిఫికెట్ కోసం గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్తారు. పెళ్లయిన అమ్మాయి పేరు, వయసు, అత్తారింటి ఊరు, ఫోన్ నంబరు అన్నీ ప్రభుత్వం దగ్గరికి వాళ్లంతట వాళ్లే తెచ్చి ఇస్తున్న చోటు అది. దరఖాస్తు పెట్టిన రోజే, చెక్కు వచ్చిన రోజు కాదు, ఎందుకంటే చెక్కు వచ్చేసరికి కొందరు చంటిబిడ్డతో వస్తున్నారు, ఆ రోజే 400 మైక్రోగ్రాముల మాత్రలు మూడు నెలలకు సరిపడా చేతిలో పెట్టండి. ఒక కాగితం ఇవ్వండి, తెలుగులో, పెద్ద అక్షరాల్లో: పిల్లలు ఇప్పుడే కావాలనుకున్నా వద్దనుకున్నా రోజుకొకటి వేసుకోండి, దీనివల్ల లావెక్కరు, నెలసరి మారదు, కడుపు రాకుండా చేయదు. ఈ చివరి మాట తప్పకుండా రాయించండి. కొత్త కోడలి దిండు కింద బిళ్లలు కనిపిస్తే అవి పిల్లలు పుట్టకుండా వేసుకునే బిళ్లలనుకుని గొడవలు అయిన ఇళ్లు నాకు తెలుసు. అందుకే కాగితం అత్తగారికీ భర్తకూ కూడా చదివి వినిపించాలి. ఆ పేరు అదే వారం ఆ ఊరి ఆశాకు వెళ్లాలి, ఆ మూడు నెలలు అయ్యేలోపు ఆమె వెళ్లి మళ్లీ ఇవ్వాలి. రెండో బిడ్డ కోసం చూసేవాళ్లను మరిచిపోవద్దు, బిడ్డకు టీకాలకు వచ్చిన తల్లులు వాళ్లే, అక్కడే అడగవచ్చు.

దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త మిషను అక్కర్లేదు. బి12 లోపం ఉన్నవాళ్లకు ఎక్కువ ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆ లోపం బయటపడకుండా ఉండిపోతుందని ఒక భయం ఉంది, నేనూ చదివాను. రోజుకు ఒక మిల్లీగ్రాము దాటినప్పుడు దాని గురించి జాగ్రత్త పడమంటారు. మనం అడుగుతున్నది అందులో సగం కన్నా తక్కువ. శాకాహారులు ఎక్కువగా ఉన్న చోట బి12 కూడా కలిపి ఇవ్వండి, ఇంకా మంచిది.

బిళ్ల మోతాదు మార్చడం కేంద్రం చేతిలో ఉండవచ్చు, కానీ రెండు రాష్ట్రాలూ కలిసి ఒక ఉత్తరం రాయడానికి అడ్డేముంది? వారం బిళ్లలో ఫోలిక్ యాసిడ్ 2,800కు పెంచమని, బియ్యంలో కిలోకు కలిపేది పెంచడం గురించి ఆలోచించమని రాయండి. అలాగే ఉప్పు. గాయిటర్ అనే గొంతు వాపు పోవడానికి ఉప్పులో అయోడిన్ కలిపితే ఎవరినీ బతిమాలాల్సిన పని లేకుండా అందరికీ అందింది. అదే ఉప్పులో ఫోలిక్ యాసిడ్ కూడా కలిపి దక్షిణ భారతంలో నాలుగు పల్లెల్లో వాడి చూశారు, ఆడవాళ్ల రక్తంలో ఫోలేట్ బాగా పెరిగిందని 2024లో ప్రచురించారు. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సభ సరిగ్గా ఈ లోపాల పేరు పెట్టి, ఆహారంలో పోషకాలు కలిపి ఆపమని తీర్మానం చేసింది. మన హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, అడిగితే దారి చూపే నిపుణులు హైదరాబాద్ ఆఫీసుల నుంచి ఆటోలో వెళ్లేంత దూరంలో ఉన్నారు.

గైనకాలజిస్టులకు, నరాల డాక్టర్లకు, షుగర్ డాక్టర్లకు ఈ లేఖలోనే ఒక విన్నపం. పెళ్లీడు అమ్మాయికి ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ రాస్తున్నప్పుడు పెళ్లి కుదిరితే ముందు నా దగ్గరికి రా అని చెప్పండి, తనంతట తాను మందు ఆపేయొద్దని కూడా చెప్పండి. షుగర్ ఉన్న అమ్మాయికి అదుపులోకి వచ్చాకే కడుపు సంగతి ఆలోచించమని చెప్పండి. పిల్లల కోసం వచ్చిన ప్రతి జంటకు ప్రిస్క్రిప్షన్‌లో మొదటి గీత ఫోలిక్ యాసిడ్ కావాలి. ఇలాంటి బిడ్డను కన్న తల్లి డిశ్చార్జి కాగితంలో తర్వాతి కడుపు గురించి రాయకుండా సంతకం పెట్టొద్దు.

అన్నీ ఆగవని నాకు తెలుసు. మాత్ర వేసుకున్నా కొందరికి వస్తుంది. అలాంటివాళ్లకు బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో ఐదో నెలలో తెలుస్తుంది, మంచి మిషను, చూసే మనిషి ఉంటే మూడో నెల స్కాన్‌లోనే అనెన్‌సెఫలీ కనిపిస్తుంది. తెలిశాక ఆ దంపతులకు దక్కేది రెండు నిమిషాల మాట: "బిడ్డ బాగాలేదు, తీయించేయండి." అనెన్‌సెఫలీకీ నడుము కింద చిన్న మెనింగోసీల్‌కూ (వెన్నుపాము కాకుండా దాని పొరలు మాత్రమే బయటికి వచ్చిన తిత్తి) మధ్య ఎంత తేడా ఉందో ఎవరూ విడమరిచి చెప్పరు. ఒకటి బతకని బిడ్డ. ఇంకొకటి ఆపరేషన్ అయ్యాక బడికి వెళ్లి చదువుకునే బిడ్డ కావచ్చు. ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ దంపతుల ఇష్టం, 2021లో మారిన చట్టం కూడా మెడికల్ బోర్డు తీవ్రమైన లోపమని తేల్చితే 24 వారాలు దాటినా అనుమతి ఇస్తుంది, అందులో నాకు వేరే అభిప్రాయం లేదు. కానీ నిర్ణయానికి ముందు పిల్లల సర్జన్‌తోనో న్యూరోసర్జన్‌తోనో ఒక అరగంట మాట్లాడించండి, జిల్లాలో లేకపోతే ఫోన్లోనే. ఇలా తీయించేసినవీ, పుట్టి వెంటనే పోయినవీ ఒక చోట లెక్క రాయండి. లెక్కలో లేని బిడ్డల కోసం బడ్జెట్ ఎవరూ ఇవ్వరు.

బతికి ఉన్న మా పిల్లల గురించి కూడా చెప్పాలి. 2013లో వచ్చిన, పిల్లల్లో లోపాలు ముందే పట్టుకునే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) జాబితాలో పుట్టుకతో వచ్చే లోపాల్లో మొట్టమొదటిది ఇదే, ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ మమ్మల్ని ఆదుకుంది, దానికి ఈ ప్రభుత్వాలకు చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆపరేషన్ మొదటి మెట్టు మాత్రమే. ఈ పిల్లల్లో ఎక్కువమందికి మూత్రం వచ్చింది తెలియదు, పూర్తిగా పోదు. లోపల నిలిచిపోయి ఇన్ఫెక్షన్ వచ్చి మెల్లగా కిడ్నీలు పాడవుతాయి. దానికి పరిష్కారం నాలుగు గంటలకోసారి సన్నటి గొట్టంతో మూత్రం తీయడం, సీఐసీ అంటారు. రోజూ పదకొండింటికి నేను బడికి వెళ్తాను. సంచిలో కెథెటర్, జెల్లీ, సబ్బు, నీళ్ల సీసా, చిన్న అద్దం, పాత తువ్వాలు ఉంటాయి. బడి బాత్‌రూమ్‌కు గడియ లేదు, లోపల కూర్చునే చోటు లేదు, మా అమ్మాయి గోడకు చేరబడి నిలబడితే నేను ఒక కాలితో తలుపు అదిమి పట్టుకుని పని కానిస్తాను. ఇప్పుడు తనే చేసుకోవడం నేర్చుకుంటోంది, చేయగలదు కూడా, కానీ గడియ లేని తలుపు వెనక ఏ ఆడపిల్ల అయినా ఎలా చేసుకుంటుంది? ఇలాంటి చోట్ల తల్లి రాలేకపోతే బిడ్డ బడి మానేస్తుంది. తెలివి లేక కాదు.

కెథెటర్లు, జెల్లీ, డైపర్లు ప్రతి నెలా మా ఖర్చే. కూలి పనికి వెళ్లేవాళ్లు ఒకే కెథెటర్ కడిగి కడిగి అది గట్టిపడేదాకా వాడతారు. బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా ఇంటికి తెచ్చి ఇస్తున్నారు కదా, ఆ సంచిలోనే ఇవి కూడా పెట్టించండి. ప్రతి జిల్లాలోని డీఈఐసీలో (పుట్టుకతో లోపాలున్న పిల్లలకు చికిత్స అందించే జిల్లా కేంద్రం) వారానికి ఒక పూట పిల్లల సర్జన్, ఎముకల డాక్టర్, ఫిజియో, కిడ్నీ స్కాన్ ఒకే చోట దొరికేలా చూడండి, ఇప్పుడు ఒక్కో విభాగానికి ఒక్కో రోజు తిరుగుతున్నాం. షంట్ మూసుకుపోతే వచ్చే గుర్తులు, అంటే వాంతులు, తలనొప్పి, ఊరికే మత్తుగా పడుకోవడం, పీహెచ్‌సీ డాక్టర్లకు నేర్పించండి. మా అమ్మాయికి ఒకసారి అలా అయితే గ్యాస్ అని సిరప్ ఇచ్చి పంపారు. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో, అమ్మాయి నడుస్తోంది కదా అని పర్సెంటేజీ తక్కువ వేశారు. మూత్రం, మలం అదుపులో లేకపోవడం వైకల్యం కాకపోతే మరేమిటో నాకు అర్థం కాలేదు, అక్కడ అడిగితే కాళ్లకే చూస్తామన్నారు.

కాన్పులు జరిగే ఊళ్ల ఆసుపత్రుల కోసం చివరిగా ఒకటి. వీపు మీద తిత్తితో బిడ్డ పుడితే దాని మీద పొడి దూది అంటించొద్దు, పసుపు పూయనివ్వొద్దు. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గాజ్ గుడ్డ (కట్టు కట్టే పలుచని బట్ట) కప్పి, ఎండిపోకుండా పైన ప్లాస్టిక్ కవర్ చుట్టి, బిడ్డను బోర్లా పడుకోబెట్టి, అదే రోజు పెద్దాసుపత్రికి పంపాలి. రెండు మూడు రోజుల్లోపు మూసేస్తే ఇన్ఫెక్షన్ చాలావరకు తప్పుతుంది. నామకరణం అయ్యాక వస్తున్న బిడ్డలను వార్డులో నా కళ్లారా చూశాను. ఈ నాలుగు వాక్యాలు ప్రతి లేబర్ రూమ్ గోడకు అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

మీ ఆఫీసుల నుంచి నాకు కావాల్సింది ఓదార్పు జవాబు కాదు. పెళ్లయిన అమ్మాయిలకు గర్భానికి ముందే ఫోలిక్ యాసిడ్ ఇచ్చే ఉత్తర్వు ఎప్పుడు ఇస్తారు, ముందుగా ఏ జిల్లాలో మొదలుపెడతారు, వారం బిళ్ల మోతాదు గురించి కేంద్రానికి రాస్తారా లేదా, కెథెటర్లు పీహెచ్‌సీ జాబితాలో చేరుస్తారా లేదా. ఈ నాలుగింటికి రాతపూర్వకంగా చెప్పండి. పశ్చిమ గోదావరిలో మొదలుపెడితే ఆశాలకు శిక్షణ ఇచ్చే రోజు మా లాంటి తల్లులం వచ్చి మాట్లాడతాం, మా ఖర్చులతోనే వస్తాం, పిల్లలను కూడా తీసుకొస్తాం.

ఇట్లు,
స్పైనా బైఫిడా ఉన్న ఒక ఆరో తరగతి అమ్మాయి తల్లి,
పశ్చిమ గోదావరి జిల్లా